కొత్త బండియా, పాత బండియా?

(చిన్న ఎస్.యు.వి. కొనదలచిన కుటుంబముల కొరకు ఒక గ్రామ గ్రంథాలయమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేసవిలో మీ గ్రామమునుండి ముగ్గురు నాయొద్దకు వేర్వేరుగా వచ్చి ఒకే ప్రశ్న అడిగినారు. ధాన్యము అమ్మిన సొమ్ము కొంత చేతిలో ఉన్నది, ఇంటిలో వృద్ధులైన తలిదండ్రులున్నారు, పిల్లలు పట్టణములో చదువుచున్నారు. ఎత్తుగా ఉండు చిన్న కారు ఒకటి కొనదలచినాము, కొత్తది కొనవలెనా, పాతది కొనవలెనా అని. ముగ్గురికి మూడుమార్లు చెప్పుటకంటె పదిమందిలో ఒకమారు చెప్పుట మేలని గ్రంథాలయమువారు ఈ సభను ఏర్పాటు చేసినారు. నేను ముప్పది ఏండ్లు పాలిటెక్నిక్ కళాశాలలో మోటారు బండ్లను గూర్చి పాఠములు చెప్పినవాడను. ఏ కంపెనీకిని ఏజెంటును కాను.

ముందుగా ఈ బండి ఎట్టిదో తెలిసికొందము. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము ఆరంభమైన పిదప బ్లాకు అభివృద్ధి అధికారుల జీపులు పల్లెలలో తిరుగసాగినవి. ఎస్.యు.వి. అన్నమాట వినగానే పెద్దవారి మనస్సునకు ఆ జీపే వచ్చును. కాని నేటి చిన్న ఎస్.యు.వి. జీపు కాదు. అది కారునే కొంత ఎత్తు లేపి కట్టిన బండి. నేలకును బండి అడుగునకును మధ్య సుమారు 190 నుండి 210 మిల్లీమీటర్ల ఖాళీ ఉండును. మన ఊళ్ళ స్పీడు బ్రేకరులకు, కాలువగట్టు దారులకు ఆ ఎత్తు చాల ఉపకరించును. మోకాళ్ళనొప్పులు గల ముసలివారు క్రిందికి కుంగి కూర్చొనవలసిన బాధ తప్పును. అంతవరకు మంచిదే. అయితే ఈ తరగతి బండ్లలో దాదాపు అన్నింటికిని ఇంజను శక్తి ముందరి రెండు చక్రములకు మాత్రమే అందును. వానకాలమున నల్లరేగడి బురదలో దిగినచో ఇదియు తక్కిన కార్లవలెనే దిగబడును; ట్రాక్టరుతో లాగింపవలసినదే. పొలములోనికి తోలుటకు బండి కావలెనన్నవారు ఈ తరగతిని విడిచి నాలుగు చక్రములకును శక్తి గల బండిని చూచుకొనవలెను.

ఈ బండ్లు నాలుగు మీటర్ల పొడవు దాటకుండుటకు కారణము పన్ను. 2006వ సంవత్సరపు కేంద్ర బడ్జెటులో నాలుగు మీటర్లకు లోపల ఉండి, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిల్ ఇంజను 1500 సి.సి. దాటని కార్లకు సుంకము తగ్గించినారు. నాటినుండి కంపెనీలు ఆ కొలతకు సరిపోవునట్లు బండ్లను కట్టుచున్నవి. 2013లో ఫోర్డు ఎకోస్పోర్ట్, 2016లో మారుతి బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో మహీంద్రా ఎక్స్.యు.వి. 300, హ్యుందాయ్ వెన్యూ వచ్చినవి. 2020లో వచ్చిన కియా సోనెట్ మన పెనుకొండ కర్మాగారముననే తయారగుచున్నది. కనుక పదేండ్లకు పైబడిన బండ్లనుండి నిన్న మొన్నటి బండ్లవరకు నేడు పాత బండ్ల బజారులో దొరకును.

పన్ను సంగతి మరికొంత చెప్పవలసియున్నది, ఏలయనగా పాత బండి బేరము దానిపైననే నిలిచియున్నది. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి నేను చెప్పిన కొలతలలోని పెట్రోలు బండ్లపై జి.ఎస్.టి. సెస్సుతో కలిపి 29 శాతముగా ఉన్నది 18 శాతమైనది. డీజిల్ బండ్లపై 31 శాతము 18 శాతమైనది. పది లక్షల షోరూము ధర గల పెట్రోలు బండిపై ఇది సుమారు 85 వేల రూపాయల తగ్గింపు. నాలుగు మీటర్లలోపే ఉన్నను ఇంజను పెద్దదైనచో ఈ లాభము లేదు. బ్రెజా పెట్రోలు ఇంజను 1462 సి.సి. కనుక దానిపై పన్ను 40 శాతము. పాత బండి అమ్మువాడు తాను కొన్ననాటి బిల్లు చూపి, "ఇంత పెట్టి కొన్నాను, ఇంతకే ఇచ్చుచున్నాను" అనును. ఆ బిల్లుతో మనకు పనిలేదు. అదే రకము కొత్త బండికి నేడు షోరూములో ఎంత చెప్పుచున్నారో ఆ కాగితము చేతబట్టుకొని బేరమునకు పోవలెను. పన్ను తగ్గినదని తెలియక ఎక్కువ ఇచ్చివచ్చినవారిని నేనెరుగుదును.

ఏ ఇంటికి ఏది?

కొత్త బండి ధర మొదటి మూడు నాలుగేండ్లలో వేగముగా పడిపోవును. ఆ నష్టము మొదటి యజమాని భరించిన పిదప మనము కొనుట లాభమే. నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు, అనగా ఆసుపత్రికి, పెండ్లిండ్లకు, పిల్లల కళాశాలకు మాత్రమే తిరుగు ఇంటికి మూడునుండి ఐదేండ్ల వయస్సు గల, ఒక్క చేతిలో నడచిన, సర్వీసు లెక్క సరిగా ఉన్న పెట్రోలు బండి చాలునని నా అభిప్రాయము. ప్రతిదినము దూరము పోవువారు, నమ్మకమైన మెకానిక్కు దగ్గరలో లేనివారు, రాత్రివేళ స్త్రీలు ఒంటరిగా నడుపవలసిన ఇంటివారు కొత్తదే కొనుట మంచిది. వారైనను మధ్యరకముతో తృప్తిపడవలెను. పైకప్పున తెరచుకొను అద్దము కొరకు వేలకు వేలు పోయుట నాకు బోధపడని విషయము. మన ఎండలలో దానిని తెరచు దినములెన్ని?

అప్పు తీసికొనువారు ఈ లెక్క వినవలెను. ఎనిమిది లక్షలు నూటికి తొమ్మిదిన్నర వడ్డీతో ఐదేండ్లకు తీసికొన్నచో నెలకు సుమారు 16,800 రూపాయలు కట్టవలెను. మొత్తము వడ్డీ రెండు లక్షల ఎనిమిది వేలు. వాయిదా తగ్గునని ఏడేండ్లకు పొడిగించినచో నెలకు 13,100 అగును గాని వడ్డీ మూడు లక్షలకు చేరును. ఉద్యోగికి జీతము నెలనెల వచ్చును. రైతుకు సొమ్ము పంట చేతికి వచ్చినపుడే వచ్చును, బ్యాంకు వాయిదా మాత్రము నెలనెల వచ్చును. ఒక ఏడు పంట పోయినను ఆ పన్నెండు వాయిదాలు దేనినుండి కట్టుదుమో భార్యాభర్తలు ముందుగా కాగితముపై వ్రాసికొనవలెను. వ్రాయుటకు ఏమియు దొరకనిచో చిన్న అప్పుతో పాత బండి కొనవలెను, లేదా ఈ ఏడు మానవలెను. పాత బండ్ల అప్పుపై వడ్డీ సాధారణముగా హెచ్చుగా ఉండును. అదియు లెక్కలో చేర్పవలెను.

డీజిలు చవక అని కొందరు డీజిలు బండి వెదకుదురు. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి బి.ఎస్. 6 నిబంధన వచ్చినది. అప్పటినుండి డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టు వడపోత ఒకటి ఉండును. ఆ మసి కాలిపోవుటకు బండి అప్పుడప్పుడు హైవేపై ఆగక కొంతదూరము పోవలెను. ఊరినుండి మండల కేంద్రమునకు నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చుటతో సరిపెట్టువాని బండిలో ఆ వడపోత మసితో మూసికొనిపోవును. మార్పించుట మిక్కిలి ఖర్చు. పెట్రోలు బండి విషయమున నేడు బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నదని గమనింపవలెను. 2023 ఏప్రిలు తరువాత తయారైనవి దానికి తగిన భాగములతో వచ్చినవి. అంతకు పూర్వపు బండి కొన్నచో మైలేజీ కొంత తగ్గును. ఇంధనపు రబ్బరు గొట్టములను, వాషరులను మెకానిక్కుచేత చూపించుకొనవలెను.

ప్రాణరక్షణ సంగతి ధరకంటె ముఖ్యమైనది. బ్రేకు గట్టిగా తొక్కినపుడు చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఎ.బి.ఎస్. 2019 ఏప్రిలునుండి అన్ని కొత్త కార్లలోను తప్పనిసరి ఐనది. డ్రైవరు ప్రక్కసీటు ఎదుట ఎయిర్ బ్యాగు 2022 ఆరంభమునకు గాని అన్నింటికిని రాలేదు. కాబట్టి అంతకు ముందటి తక్కువరకము బండిలో ప్రక్కన కూర్చుండు ఇల్లాలికి రక్షణ లేకపోవచ్చును. "ఈ బండికి ఐదు నక్షత్రములు" అను మాట విని సంతోషపడరాదు. నెక్సాన్ బండికి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2018 ఆగస్టులో నాలుగు నక్షత్రములు వచ్చినవి. కంపెనీవారు మెరుగుపరచిన పిదప అదే ఏడు డిసెంబరులో ఐదు వచ్చినవి. పేరొకటే, సంవత్సరమొకటే, కాని బండ్లు రెండు విధములు. తయారైన నెల అడిగి తెలిసికొనవలెను. మన దేశపు పరీక్షయైన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో ఆరంభమైనది.

నేను మోసపోయిన సంగతి

2017లో నా మేనల్లునికి ఒక పాత బండి కొనిపెట్టితిని. పట్టణములో ఒక వ్యాపారి చూపినాడు. రంగు అద్దమువలె ఉన్నది, లోపల కొత్త తివాచీ, మంచి అత్తరు వాసన. ఇంజను శబ్దము విని, నాలుగు కిలోమీటర్లు నడిపి, బాగున్నదంటిని. నాలుగు నెలలు గడచి వానలు పట్టగానే కిటికీ అద్దములు తమంత తామే దిగసాగినవి, ఎయిర్ బ్యాగు దీపము వెలిగి ఆరకుండెను. సీటు బెల్టును చివరివరకు లాగి చూచితిని. సగము పట్టీమీద ఎండిన బురద చార అడ్డముగా ఉన్నది. అది 2015 డిసెంబరు చెన్నై వరదలో మునిగిన బండియని తరువాత తెలిసినది. ముప్పది ఏండ్లు పాఠము చెప్పినవాడను సీటు బెల్టు లాగి చూడనైతిని! మేనల్లుడు పల్లెత్తుమాట అనలేదు. నా చెల్లెలు మాత్రము ఇప్పటికిని అనుచునే ఉన్నది.

2024 సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు మునిగినపుడు ఇంటి ముంగిట నిలిపిన కార్లు కిటికీల ఎత్తున నీటిలో నిలిచినవి. మునిగిన బండిని భీమా కంపెనీ మొత్తము నష్టముగా లెక్కకట్టి పరిహారమిచ్చిన పిదప ఆ బండి తుక్కు ధరకు అమ్ముడుపోయి, బాగుచేయబడి, దూరపు ఊరిలో మరల బజారుకు వచ్చుట కలదు. కావున నాలుగు సీటు బెల్టులు చివరివరకు లాగి చూడుడు. స్టెప్నీ చక్రము తీసి, ఆ గుంటలో మట్టి, త్రుప్పు కలవేమో చూడుడు. ముందరి సీట్ల క్రింద పట్టాలను వ్రేలితో తడుముడు. అత్తరు వాసన గుప్పుమన్నచో దానిక్రింద ఏ వాసన ఉన్నదో ఆలోచింపుడు.

మీటరు వెనుకకు త్రిప్పుట అందరెరిగిన విద్యయే. నలుబది వేల కిలోమీటర్లు అని చూపు బండికి బ్రేకు పెడలు రబ్బరు అరిగి నునుపెక్కియున్నచో ఆ మీటరును నమ్మరాదు. కంపెనీ సర్వీసు కేంద్రమునకు పోయి ప్రతి సర్వీసునాటి కిలోమీటర్లు అడుగవలెను. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును; 2321 అని ఉన్నచో 2021వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ఉదయము ఇంజను చల్లగా ఉన్నపుడే స్టార్టు చేయింపవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి ఉంచినచో మరునాడు వచ్చెదమని చెప్పి తిరిగిరావలెను.

ఇక కాగితములు. ఆర్.సి.లో వ్రాసిన ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండిమీది వానితో సరిచూడవలెను. అప్పు తీరినదని అమ్మువాడు చెప్పినను బ్యాంకు ఎన్.ఓ.సి.తో 35వ ఫారము లేనిదే బయానా ఈయరాదు. 29, 30 ఫారములపై సంతకములు తీసికొని ముప్పది దినములలోపల పేరు మార్పించుకొనవలెను. అమ్మినవాడు పదునాలుగు దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. ఇతర రాష్ట్రపు బండియైనచో 28వ ఫారము ఎన్.ఓ.సి. కావలెను, ఇచ్చట జీవితపన్ను మరల కట్టవలెను. చవక అని బెంగుళూరునుండి తెచ్చువారు ఇది మరచిపోవుచున్నారు. భీమా కూడ పదునాలుగు దినములలో మన పేరునకు మారవలెను. అమ్మినవానికి గల నో క్లెయిమ్ రాయితీ మనకు రాదు.

ఈ ఊరిలో బండి అమ్మినవారు కూడ కొందరు ఇచ్చట ఉన్నారు. వారికొక మాట. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము, రిజిస్టరులో ఎవరి పేరున్నదో అతడే యజమాని. బండి చేతులు మారి, ఇంకెవరో నడిపి, ప్రమాదము జరిగినను పరిహారమునకు ఆతడే బాధ్యుడు. బండి ఇచ్చి సొమ్ము తీసికొన్నాము గదా అని ఊరకుండరాదు.

ప్రశ్నలున్నవారు అడుగవచ్చును. గ్రంథాలయము ముందర నిలిపిన బండి నాదే, ఐదేండ్ల నాటిది. టార్చిలైటు తెచ్చినాను. స్టెప్నీ గుంట, సీట్ల క్రింది పట్టాలు ఎట్లు చూడవలెనో వచ్చినవారికి చూపెదను.