చర్మమను నేత



సూరత్ నగరమునకు దక్షిణమున, నవసారి పోవు మార్గమున ఉన్ అను ప్రాంతము కలదు. ఈ నగరవాసులకు మగ్గము సంగతి చెప్పనక్కరలేదు. తెలంగాణమునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన నేతకుటుంబము లెన్నియో సూరత్‌ను తమ ఊరుగా చేసికొన్నవి. కావున సోరియాసిస్ అను చర్మవ్యాధిని మగ్గపు పోలికతో చెప్పుట సులభము.

చర్మపు పైపొర నిత్యము నేయబడుచుండు వస్త్రము. కణములు అడుగు వరుసలో పుట్టి, మెల్లమెల్లగా పైకి వచ్చి, గట్టిపడి, పొట్టువలె రాలిపోవును. ఆరోగ్యవంతునియందు ఈ ప్రయాణమునకు సుమారు 4 వారములు పట్టును. సోరియాసిస్‌లో 3 నుండి 5 దినములలోనే ముగియును. పక్వము కాని కణములు పేరుకొని ఎఱ్ఱని మచ్చలపై తెల్లని పొలుసులు కట్టును. శరీరరక్షణకణములును చర్మకణములును ఒండొంటిని రెచ్చగొట్టుకొనుటయే ఇందలి చిక్కు. ఇది అంటువ్యాధి కాదు.

ఇట్టి వ్యాధిని కంప్యూటరులో పరిశీలించుట ఎట్లు? కణము ఎప్పుడు రెండగునో, ఎప్పుడు పైకి జరుగునో, ఎప్పుడు రాలునో నియమములుగా వ్రాసి యిత్తురు. యంత్రము ఆ లెక్కప్రకారము తెరపై చర్మమును పెంచును. 2007లో జర్మనీ శాస్త్రజ్ఞులు గ్రాబే, నాయిబర్ అనువారు మధ్యదశలో విభజన చెందు కణముల తీరును మార్చి, నమూనాలో సోరియాసిస్ రూపమును రాబట్టిరి. 2011లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ పరిశోధకులు అతినీలలోహిత కిరణచికిత్సను లెక్కగట్టిరి. కిరణములు తాకిన చర్మకణములలో కొన్ని తమంత తాము నశించుటయే మచ్చ మానుటకు చాలునని వారి నమూనా చూపెను.

2022లో న్యూకాసిల్ పరిశోధకులు ప్రచురించిన నమూనాలో చర్మమునకు రెండు నిలకడ స్థితులు కలవు: ఒకటి ఆరోగ్యము, రెండవది వ్యాధి. నడుమ నొక మిట్ట యున్నది. బండిని మిట్ట దాటించినచో ఆవలికి దిగును. సగములో విడిచినచో వెనుకకే దొరలును. చికిత్స తొలివారములలో మచ్చల తీరును బట్టి ఒక్కొక్క రోగికి ఫలిత మెట్లుండునో అంచనా వేయుటయు వారి యత్నమే.

ఈ లెక్క కూలివానికి మిక్కిలి ముఖ్యము. కిరణచికిత్సకు వారమునకు రెండు మూడు మారులు, పలు వారములు ఆసుపత్రికి పోవలెను. పోయిన పూటకు కూలి పోవును. మచ్చ కొంచెము వెలిసినంతనే వాడు మానివేయును, వ్యాధి మరల వచ్చును, మందు పనిచేయలేదనుకొనును. నిజమునకు బండి మిట్ట దాటలేదు. దాటిన పిమ్మటను వ్యాధి ఎన్నడును తిరిగి రాదని చెప్పరాదు. నమూనా వైద్యునికి తోడే కాని వైద్యుడు కాదు.

యంత్రము చేయలేని పని యొకటి కలదు. పొలుసులు చూచి పక్క పీటపై కూర్చుండ వెనుకాడు తోటివాని భయమును అది తీర్చలేదు. అది మానవులు మానవులకు చేయవలసిన చికిత్స. చికిత్స ముగియువరకు ఆ పూట పనిని పంచుకొను స్నేహితు డొకడున్నను, ఆ బండి మిట్ట దాటును.