పెద్దమనుషుల దగ్గరికి కాదు, ముందు పిల్ల దగ్గరికి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కమిటీ సభ్యురాలి ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు విన్నాం. రికవరీ బాగుందని చప్పట్లు కొట్టుకున్నాం. నేను చెప్పేది మన పుస్తకాల్లో రాయని లెక్క. మన పిల్లలకు బడిలోనో, హాస్టల్లోనో, దారిలోనో లైంగిక వేధింపు, దాడి ఎదురైతే మనం ఏం చేస్తున్నాం?

నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తా. ఊరు, పేరు చెప్పను, మీరూ అడగొద్దు. బడి యూనిఫాంల కొలతలు తీస్తుంటే, టేపు ఒంటికి తగలగానే ఒక పిల్ల వణికిపోయింది. పక్కకు తీసుకుపోయి అడిగితే చాలాసేపటికి చెప్పింది. తెలిసిన మనిషే. మేం ఏం చేశాం? పెద్దమనుషులను పిలిచాం. మూడు రోజులు పంచాయితీ నడిచింది. ఎంత ఇస్తావ్, ఎంతకు ఒప్పుకుంటావ్ అన్న మాటలే గానీ, "బిడ్డా, నీకెట్లుంది?" అని అడిగినోళ్లు లేరు. ఆస్పత్రికి తీసుకుపోలేదు. వాడు ఊళ్లోనే తిరిగాడు, పిల్ల బడి మానేసింది. ఆ పంచాయితీలో చాప మీద కూర్చున్నోళ్లలో నేనూ ఉన్న. అందుకే ఈ రోజు అడిగి మరీ మైకు తీసుకున్న.

తర్వాత తెలిసింది. పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడే దాస్తే ఏడాది దాకా. అంటే ఆ రోజు తప్పు చేసింది వాడొక్కడే కాదు, మేమూ.

రాజీ సంగతి కూడా వినండి. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడు విద్యార్థినితో తప్పుగా ప్రవర్తించిన కేసులో పిల్ల తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఇది ఇద్దరి మధ్య తగాదా కాదు, సమాజం మీద నేరం, రాజీతో మాఫీ కాదని చెప్పింది. దేశంలో పెద్ద కోర్టే ఒప్పుకోని రాజీని మన చెట్టు కింద ఎట్లా చేస్తం?

మరి ఏం చేయాలి? మొదట పిల్లను నమ్మాలి. "ఎందుకు పోయినవ్, అప్పుడే ఎందుకు చెప్పలే" అనొద్దు. జరిగింది పదిమంది ముందు పదిసార్లు చెప్పించొద్దు. దాడి జరిగి ఉంటే వెంటనే ఆస్పత్రి. గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా, కాగితం సంచిలో పెట్టి తీసుకుపోవాలి. పోలీసు కాగితం తెస్తేనే చూస్తామని ఏ ఆస్పత్రీ అనకూడదు. ప్రైవేటు ఆస్పత్రైనా వైద్యం ఉచితంగా చేయాలి.

స్టేషన్‌కు పోవాలంటే భయమా? పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, తను కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. తెలుగు సరిగా రాని కోయ పిల్లయితే భాష తెలిసినవాళ్లను పిలిపించమని అడగొచ్చు. పిల్ల పేరు, ఫొటో, బడి పేరు ఎక్కడా బయటపెట్టకూడదు. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా.

మనది సరిహద్దు. భద్రాచలం దాటి ఎటపాక పోతే ఆంధ్ర, చింతూరు దాటి కొంట పోతే ఛత్తీస్‌గఢ్. పిల్లది ఒక రాష్ట్రం, చదివేది ఇంకో రాష్ట్రం. "మా పరిధి కాదు" అన్న మాటతో తిప్పి పంపొద్దు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టంలోనే ఆ మాట రాసి ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బు లేకుండా ఇవ్వాలి.

నంబర్లు రాసుకోండి. పిల్లలకు 1098, మహిళలకు 181, పోలీసుకు 100 లేదా 112, ఉచిత లాయర్ కోసం 15100. సఖి కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సాయం, కొద్దిరోజుల వసతి ఒక్కచోటే దొరుకుతాయి. ఖమ్మం, కొత్తగూడెం కాలేజీల్లో చదివే పెద్ద పిల్లలకు షీ టీమ్స్ ఉన్నాయి. కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి మూడు నెలల లోపు రాసివ్వాలి.

"మనం బడిలోకి ఎట్లా పోతాం" అంటారా? 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, గ్రామ సంఘం అధ్యక్షురాలినే ఛైర్‌పర్సన్ చేశారు. మరుగుదొడ్లు, ఫ్యాన్లు చూసినట్టే, పిల్లల భద్రతను కూడా మనమే చూడాలి.

ఈ సభ ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నా. ఒకటి, ఇట్లాంటి సంగతిలో సంఘం సభ్యులెవరూ పంచాయితీలో కూర్చోవద్దు. రెండు, ప్రతి గ్రామ సంఘం ఇద్దరు అక్కలను ఎన్నుకోవాలి. ఆస్పత్రికి, స్టేషన్‌కు, కోర్టుకు పిల్ల వెంట వాళ్లే పోవాలి. బస్సు మనకు ఉచితమే, కూలి పోయిన రోజుకు డబ్బు సమాఖ్య ఇవ్వాలి. మూడు, నంబర్లు ప్రతి బడి, హాస్టల్ గోడ మీద పెయింట్‌తో రాయించాలి. నాలుగు, పిల్ల చదువు ఆగకూడదు. అవసరమైతే వేరే గురుకులంలోనో, కస్తూర్బాలోనో సీటు వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ మనం తిరగాలి.

అప్పు కట్టని సభ్యురాలి ఇంటికి పదిమందిమి పోయి కూర్చుంటాం. బడి మానేసిన పిల్ల ఇంటికి ఒక్కసారన్నా పోయినమా? నేను ఆ పిల్ల దగ్గరికి చాలా ఆలస్యంగా పోయిన. మీరు ఆలస్యం చేయొద్దు. తీర్మానాలకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.