ఎండకు ఓర్వని చర్మం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు పైగా కాగితాల మధ్య బ్రతికిన గుమాస్తాను. అయినా ఈ విషయమే ఎంచుకున్నానంటే, దీనితో నాకొక పాత బాకీ ఉంది.

1988లో నేను ఒక జిల్లా కార్యాలయంలో మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లులు చూసే సీటులో ఉండేవాణ్ణి. మా అటెండరు ఒకాయన తన ఆరేళ్ల కొడుకు కోసం బిల్లు పెట్టుకున్నాడు. ముఖానికి రాసే లేపనం, నల్ల కళ్లద్దాలు, మొత్తం 412 రూపాయలు. ఆ పిల్లవాడికి ఒళ్లంతా నల్లని చుక్కలు. ఎండలోకి వస్తే కళ్లు తెరవలేడు. ఊళ్లో కొందరు నాగదోషమన్నారు, కొందరు కుష్ఠు అని దూరం జరిగారు. నేను ఫైలు మీద "ఇవి సౌందర్య సాధనాలు, అనుమతించనవసరం లేదు" అని నోటు రాశాను. సూపరింటెండెంటుగారు సంతకం చేశారు. ఆయన మారుమాటాడకుండా బిల్లు వెనక్కు తీసుకుపోయాడు.

ఆ జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. వియన్నా నగరపు వైద్యులు హెబ్రా, కపోసి 1874లోనే దీన్ని తమ గ్రంథంలో వర్ణించారు. కారణం మాత్రం చాలాకాలం తెలియలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేస్తున్న జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రజ్ఞుడు దినపత్రికలో ఈ జబ్బు గురించి చదివి, రోగుల చర్మకణాలు తెప్పించి పరీక్షించి, 1968లో అసలు సంగతి ప్రకటించాడు.

మన భాషలో చెబుతాను. ప్రతి కణంలోనూ డి.ఎన్.ఏ. అనే సర్వీసు రిజిస్టరు ఉంటుంది. దానికి ఎదురుగా జతకాపీ కూడా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు ఆ రిజిస్టరులో ప్రక్క ప్రక్కనున్న రెండు అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మనందరికీ ఎండలో తిరిగిన ప్రతిరోజూ ఇది జరుగుతూనే ఉంటుంది. అయితే కణంలో కొన్ని ప్రోటీన్లు గుమాస్తాల వలె తిరుగుతూ, తప్పున్న చోట సుమారు ముప్పై అక్షరాల ముక్కను కత్తిరించి, జతకాపీ చూసి తిరిగి సరిగా రాస్తాయి. ఇటువంటి మరమ్మతు విధానాలు కనుగొన్నందుకే లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురికి 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి ఆ కత్తిరించి రాసే పని సాగదు. తప్పులు పేరుకుంటాయి. బాగా దెబ్బతిన్న కణం చచ్చిపోతే ఒక విధంగా మేలే. చావకుండా, తప్పుతోనే పెరిగే కణంతోనే ప్రమాదం. అదే కాన్సరుగా మారుతుంది. అమెరికాలో 106 మంది రోగులను 1971 నుండి 2009 వరకు గమనించి 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఇరవై ఏళ్లలోపు వీరికి మామూలు రకం చర్మ కాన్సరు ప్రమాదం ఇతరుల కంటే 10,000 రెట్లు ఎక్కువ. తొలి కాన్సరు కనిపించే వయస్సు తొమ్మిదేళ్ల ప్రాంతం.

ఇక మన ఇళ్లకు సంబంధించిన సంగతి. ఇది తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే వచ్చే జబ్బు. తల్లిదండ్రులకు ఏమీ ఉండదు. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. రక్తసంబంధీకులలో ఒకే చెడ్డ జన్యువు ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ. మేనమామ, మేనబావ సంబంధాలు మనకు కొత్త కాదు. మేనరికం చేసుకున్న వారందరికీ ఇలా అవుతుందని నేను అనటం లేదు. మా అటెండరుది మాత్రం మేనరికమే. ఇంట్లో ఇటువంటి బిడ్డ ఒకరు పుట్టి ఉంటే, మళ్లీ అదే వంశంలో సంబంధం కలిపే ముందు వైద్యుల సలహా తీసుకోవాలి. ఆస్తి బయటికి పోకూడదని పట్టుబట్టేది మన తరం వారమే కనుక మనకే చెబుతున్నాను.

రెండేళ్లు నిండకుండానే ముఖాన చుక్కలు, కొద్దిపాటి ఎండకే బొబ్బలు, వెలుతురు చూడలేని కళ్లు - ఇవి కనబడితే చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. జబ్బు పూర్తిగా నయం కాదు. కానీ నిండు చేతుల బట్టలు, టోపీ, కళ్లద్దాలు, లేపనం, కిటికీలకు కిరణాలు ఆపే ఫిల్ము, తరచు పరీక్షలు - వీటితో కాన్సర్లను చాలావరకు తప్పించవచ్చు, వచ్చినవాటిని చిన్నగా ఉండగానే తీసివేయించవచ్చు. ఎండ తగలనందున విటమిన్ డి మాత్రలు అవసరమవుతాయి.

మనకూ ఒక మాట. మన చర్మంలోని నలుపు మనకు గొడుగు వంటిదే గాని, పూర్తి రక్ష కాదు. వయస్సుతో ఈ మరమ్మతు పని మందగిస్తుంది. నెల దాటినా మానని పుండు, పాత కాలిన మచ్చలో లేచిన కురుపు, అరికాలిలోనో గోరు క్రిందనో పెరిగే నల్లమచ్చ - వీటిని ఉపేక్షించవద్దు.

1994లో ఆ అటెండరు నాకు బస్టాండులో కనిపించాడు. పిల్లవాడికి ముక్కు ప్రక్కన పుండు లేచి, కాన్సరని తేలి, ఆపరేషను చేశారట. "తువ్వాలు కప్పి బడికి పంపేవాణ్ణి సార్" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ 412 రూపాయలు ఇప్పించి ఉంటే పుండు వచ్చేది కాదని నేను చెప్పలేను. అయితే ఆ లేపనం ఆ బిడ్డకు మందే. ఏమిటిదని డాక్టరును ఒక్క ముక్క అడగకుండా కొట్టివేశాను. అది నా తప్పు.

నోట్లు రాయటం, రూలు వెతకటం మనకు బాగా తెలుసు. ఇటువంటి బిడ్డ ఉన్న ఇల్లు మీకు తెలిస్తే, డాక్టరుగారి చేత "ఇది వైద్యావసరం" అని రాయించి, వారి అర్జీ మీరే కూర్చుని తయారుచేసి పెట్టండి. నేను ఇప్పుడు చేస్తున్నది అదే.