పెరటి బాతులు - వాటి పోషణము



బాతుమాట వచ్చినంతనే తెలుగువారి తలపునకు రెండు దృశ్యములు తోచును. ఒకటి, కోతలైన వరిచేలలో వందలకొలది బాతులను కఱ్ఱ చేతబట్టి తోలుకొనిపోవు కాపరి. గోదావరి, కృష్ణా మండలములలోను నెల్లూరిసీమలోను పుట్టి పెరిగినవారి కిది క్రొత్త గాదు. రాలిన గింజలను, నత్తలను, పురుగులను ఏరి తినుచు ఆ మంద ఊరినుండి ఊరికి సాగిపోవును. రెండవది, నలదమయంతుల నడుమ రాయబారము నడపిన హంస. మొదటి దృశ్యమును చూచినవారు బాతు పొలములో బ్రదుకవలసినదే గాని ఇంట బ్రదుకునది కాదని యెంచుదురు. రెండవ కథ విన్న పిల్లలు ఇంటికి తెచ్చిన బాతు మాటలాడదేమని రెండు దినములు నిరీక్షింతురు. పెరటిబాతు ఈ రెండును గాదు. దానికి వేఱే స్వభావము, వేఱే అవసరములు కలవు. అవి తెలియకయే దానిని తెచ్చుకొనుటచే ప్రతియేడును ఎన్నో ప్రాణములు వృథాగా పోవుచున్నవి.

తఱచుగా జరుగు కథ యిట్టిది. సంతలో గంపనిండ పసుపుపచ్చని పిల్లలు కిచకిచలాడుచుండును. పిల్లవాడు మారాముచేసి యొకదానిని కొనిపించును. ఇంటికి రాగానే దానిని నీళ్ళతొట్టిలో విడుతురు. బాతుపిల్లకు ఈత పుట్టుకతో వచ్చునుగదా యని అందఱి నమ్మకము. ఈత వచ్చుట నిజమే. కాని అరగంట యీదునప్పటికి దాని నూగు తడిసి ముద్దయగును. ఆ రాత్రి అది వణకి, ముడుచుకొని, తెల్లవారుసరికి కన్నుమూయును. పిల్లవాడు అన్నము మానును. పెద్దలు “మన యింట బాతులు అచ్చిరావు” అని తీర్మానింతురు. ఇది అచ్చిరాకపోవుట గాదు, తెలియకపోవుట.

ఎదిగిన బాతు తోకమొదట నొక నూనెగ్రంథి యుండును. ముక్కుతో ఆ నూనెను తీసి అది యీకల కెల్ల రాచుకొనుచుండును. నీరు దాని మేని నంటకుండుట కీ యలవాటు ముఖ్యము. పసిపిల్లకు ఇంకను ఈకలు లేవు, నూగు మాత్రమే కలదు. తల్లి వెంట నున్నపుడు అది కొంచెమీది వచ్చి తల్లి రెక్కల క్రింద దూరి వెచ్చబడును. ఆ తల్లి లేని పిల్లకు మొదటి మూడు నాలుగు వారములు త్రాగుటకు నీరు కావలెనే గాని మునుగుటకు గాదు. లోతులేని పళ్ళెములో నాలుగు గులకరాళ్ళు వేసి నీరు పోసినచో చాలును. తల్లి రెక్కలకు మాఱుగా విద్యుద్దీపమును వ్రేలాడదీయుదురు. మొదటి వారము 30 డిగ్రీల సెంటిగ్రేడుకు కొంచెము మించిన వేడి అవసరము. పిదప వారమున కొక 3 డిగ్రీలు తగ్గించుకొని రావచ్చును. ఉష్ణమాపకము లేని యింట పిల్లలే ఉష్ణమాపకము. దీపము క్రింద కుప్పగా చేరినచో చలి యని, దూరముగా పోయి నోరు తెఱచినచో ఉక్క యని గ్రహింపవలెను.

పూర్వము పల్లెలలో బాతుగ్రుడ్లను పొదుగు కోడి క్రింద నుంచెడివారు. కోడిగ్రుడ్డు 21 దినములకు పగులును; బాతుగ్రుడ్డు 28 దినములకు గాని పగులదు. కావున ఆ కోడి వారము దినము లధికముగా తపస్సు చేయవలసియుండును. కష్టము అంతటితో తీఱదు. పిల్లలు పుట్టి గుంట కనబడగానే నీటిలోనికి దుముకును. కోడి యొడ్డున అటునిటు పరువెత్తుచు, రెక్కలు విదల్చుకొనుచు, పిలిచి పిలిచి అలసిపోవును. చూచువారికి నవ్వు వచ్చును గాని ఆ కోడి బాధ నిజమైనదే.

జాతుల సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. శీతకాలమున ఉత్తరభారతపు చెఱువులకు వలస వచ్చు పచ్చతల అడవిబాతు సంతతివే దాదాపు అన్ని పెంపుడుబాతులును. దక్షిణ అమెరికానుండి వచ్చిన మస్కొవీ యొక్కటి వేఱుజాతి. ఎఱ్ఱని ముఖముగల ఆ బాతు గట్టిగా అఱవక బుసలు కొట్టును. అస్సాములో పాతి, నాగేశ్వరి, కేరళలో చార, చెంబల్లి అను దేశవాళీ జాతులు కలవు. ‘ఇండియన్ రన్నర్’ అను నిటారు బాతు పేరునకే భారతీయము, దాని పుట్టిల్లు ఇండోనీషియా. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైరు ప్రాంతమున అడేల్ కాంబెల్ అను గృహిణి యొద్ద ఈ రన్నర్ జాతి పెట్ట యొకటి మిక్కిలిగా గ్రుడ్లు పెట్టుచుండెడిది. దానికి రువాన్ జాతి పుంజును జోడించి, పిదప అడవిబాతు రక్తమును కూడ కలిపి, 19వ శతాబ్దము ముగియుచున్న దినములలో ఆమె తీసిన సంతతియే ఖాకీ కాంబెల్. మంచి మేపు దొరకినచో అది ఏడాదికి సుమారు 300 గ్రుడ్లు పెట్టును. లోకమంతట వ్యాపించిన యీ జాతి ఒక యింటి పెరటిలో పుట్టినది! అయితే గ్రుడ్లు పెట్టుటలో మునిగి అది పొదుగుటను దాదాపు మఱచినది.

గ్రుడ్లకై మగబాతు ఉండవలెనను భ్రమ కొందఱికి కలదు. పిల్లలు కావలెనన్ననే మగది అవసరము. గట్టిగా ‘బెక్కు బెక్కు’ మని వాడయెల్ల మేలుకొలుపునది ఆడుది. మగదాని కంఠము బొంగురు, దాని తోకపై ఒకటి రెండీకలు ఉంగరమువలె చుట్టుకొని యుండును. ప్రక్క క్వార్టర్సువారి నిద్ర విషయమై ఈ భేదమును ముందుగా తెలిసికొనుట మంచిది. వారి యనుమతియు, క్వార్టర్సుల నియమములును కూడ ముందే అడిగి తెలిసికొనవలెను. వివాదము వచ్చిన పిదప నష్టపడునది బాతే.

ఇక నీరు. బాతునకు చెఱువు లేకున్నను గడచును. కాని ముక్కురంధ్రములు మునుగునంత లోతుగల నీరు దినమంతయు అందుబాటులో లేకున్నచో గడవదు. ముక్కును, కన్నులను కడుగుకొనలేని బాతునకు అవి పూడి జబ్బుచేయును. పొడిపిండిని అది మ్రింగలేదు. ఒక్కొక్క ముద్దకు నీటికడకు పోయి వచ్చుచుండును. దాని ముక్కు అంచులలో దువ్వెనపండ్లవంటి పొరలు కలవు. నీటిని బురదను ఈ ప్రక్కలనుండి వెడలగొట్టి తిండిని మాత్రము అది నిలుపుకొనును. పాలను నీటిని వేఱుచేయు హంసను కవులు కల్పించిరి గాని, బురదనుండి భోజనమును వేఱుచేయు నేర్పు ప్రతి బాతునకును కలదు. పాత గంగాళ మొకటి యున్నచో స్నానమునకు చాలును. ఆ నీటిని ప్రతిదినము మార్చి అరటిపాదునకు పోసినచో ఎరువు వేఱుగా వేయనక్కఱలేదు. మార్చకున్నచో పెరడంతయు కంపుకొట్టును. తోటలోని నత్తలను బాతులు వెదకి వెదకి తినును. తోటకూర మడికి మాత్రము కంచె కట్టుకొనవలెను.

ఆహార విషయమున ఒక ప్రమాదమును ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. తవుడు, నూకలు, వేరుసెనగ చెక్క తెలుగువారికి పరిచితమైన మేపు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు కారణము తెలియక చచ్చినవి, బాతుపిల్లలును చచ్చినవి. వెదకగా వెదకగా బూజుపట్టిన వేరుసెనగపిండిలోని విషము కారణమని తేలినది. దానికే అఫ్లటాక్సిను అని పేరుపెట్టిరి. ఈ విషమునకు బాతుపిల్లలంత త్వరగా లొంగు ప్రాణులు అరుదు. ఉడికించినను అది నశింపదు. కనుక వానకాలమున చెమ్మతగిలిన చెక్కను “పశువులకే గదా” యని బాతులకు పడవేయుట వాటిని చంపుటయే. మఱియొక లోపము కనబడనిది. ఎదుగు బాతుపిల్లకు నయాసిన్ అను విటమిను కోడిపిల్లకన్న చాల ఎక్కువ కావలెను. కోళ్ళ మేపుతో మాత్రమే పెంచిన పిల్లల కాళ్ళు వంకరపోవుట కిది యొక హేతువు. ఈస్టుపొడి కొంచెము కలిపినచో ఆ కొఱత తీఱును. ఉప్పువేసిన ఎండుచేప, రొట్టెముక్కలు మేపు గావు.

రాత్రి పడుకొనుటకు ఒక్కొక్క బాతునకు 3, 4 చదరపుటడుగుల చోటు, పొడిగా నుండు గడ్డిగాని ఊకగాని కావలెను. కరకు సిమెంటు నేలపై తిరుగు బాతుల పాదములు పుండ్లుపడును. వేసవిలో మేడపై ఉంచుట క్రూరత్వము. కుక్క, పిల్లి, ముంగిస దూరనట్లు తలుపు బిగించి, ప్రొద్దున సుమారు 9 గంటలకు గాని విడువరాదు. అప్పటికి దాదాపు అన్ని గ్రుడ్లును లోపలనే పెట్టియుండును.

అన్నిటికంటె ముఖ్యమైనది తోడు. పుట్టిన మొదటి దినమున కదలుచు కనబడిన దాని వెంట పడి, దానినే తల్లిగా ఎంచుట బాతుపిల్లల స్వభావము. ఈ లక్షణమును బాతులయందును హంసజాతి పక్షులయందును పరిశీలించి ప్రసిద్ధి చెందిన కోన్రాడ్ లోరెంజునకు 1973లో, మఱి యిద్దఱు శాస్త్రజ్ఞులతో పాటు, నోబెల్ బహుమాన మిచ్చిరి. ఒంటిపిల్లను తెచ్చిన యింట ఈ స్థానము పిల్లవానికి దక్కును. అది వాని మడమల వెంట తిరుగుచుండగా ఇంటిల్లిపాది మురియుదురు. ఆదివారము గడచి బడిగంట మ్రోగును. తల్లి బడికిపోవును, పిల్ల సాయంకాలము వఱకు గుమ్మమున అఱచుచుండును.

1999లో అమెరికాలో వెల్లడియైన ఒక పరిశోధన ఈ సందర్భమున గుర్తింపదగినది. వరుసగా పడుకొన్న బాతులలో నడుమనున్నవి రెండు కన్నులును మూసి నిద్రించును. చివరనున్నవి పెక్కుసార్లు వెలుపలివైపు కన్ను తెఱచి, మెదడులో సగమును మేల్కొలిపి యుంచును. ఒంటరిబాతునకు ఎటుచూచినను చివరయే. రెండిటికి తక్కువగా పెంచరాదని పెద్దలు చెప్పుటలో ఈ సత్యము ఇమిడియున్నది.

రోగముల విషయమున పశువైద్యశాలను ఆశ్రయింపవలెను. ఎనిమిది మొదలు పండ్రెండు వారముల వయస్సున బాతుప్లేగునకు టీకా వేయింతురు. ముట్టుకొన్న పిదప పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను; గ్రుడ్లను బాగుగా ఉడికించియే తినవలెను. 2021 జనవరిలో ఢిల్లీ సంజయ్ సరస్సులో బాతులు చచ్చి, పక్షిజ్వరము నిర్ధారణ కాగా, మిగిలినవానిని కూడ చంపవలసివచ్చినది. కనుక ఇంటిబాతులను వలసపక్షులు దిగు జలాశయములకు తీసికొనిపోరాదు. వేటకాండ్రు అమ్మవచ్చు అడవిబాతులను కొనుటయు తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానికి రక్ష.

బాగుగా చూచుకొన్న బాతు ఎనిమిది, పదియేండ్లు బ్రదుకును. కేంద్రోద్యోగి జీవితమున పదియేండ్లనగా ఎన్ని బదిలీలు! ఉత్తరువు చేతికందిన దినమున సామానులు కట్టుటకే సమయము చాలదు. అపుడు కొందఱు సాయంకాలమున బాతులను గంపలో పెట్టుకొనిపోయి ఊరి తోటలోని చెఱువులో విడిచి, స్వేచ్ఛ యిచ్చితిమని సంతోషింతురు. బరువైన పెంపుడుబాతు ఎగురలేదు, కుక్కను తప్పించుకొనలేదు, తిండి వెదకికొను అలవాటును దానికి లేదు. పిల్లవాడు మాత్రము అది చెఱువులో ఆడుకొనుచున్నదనియే నమ్మును.

బాతులను తెచ్చుటకు ముందే వాటిని ఎవరి కప్పగింపగలమో ఆలోచించుకొనవలెను. పెరడుగల స్నేహితుడో, పల్లెలోని బంధువో, బాతులను సాకు రైతో ముందుగా ఒప్పుకొని యుండవలెను. అప్పగించునపుడు రెంటిని విడదీయక కలిపియే ఈయవలెను. ఎండ యెక్కకముందే, గాలి యాడు వెదురుగంపలో అడుగున గడ్డి పఱచి, త్రోవలో నీరు చూపుచు తీసికొనిపోవలెను. పాత గంగాళమును గూడ వాటివెంట పంపుట మంచిది. పిల్లవానిని ఇంట నుంచక వెంట తీసికొనిపోయి, అవి ఆ క్రొత్తపెరటిలో తమ గంగాళములోనికి దిగువఱకు వానిని అచ్చటనే యుండనీయవలెను.