మూత్రాశయం, మాత్రలు, మనం
(స్త్రీల ఆరోగ్యంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఈ విషయం ఎంచుకున్నానంటే ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. ఆస్తి హక్కు గురించీ హింస గురించీ వేదికలెక్కి మాట్లాడే మనం కూడా మూత్రం అనే మాట దగ్గర గొంతు తగ్గిస్తాం.

మూత్రాశయం గోడ కండరమే. కానీ చేతి కండరంలా మనం చెప్పినట్టు వినదు, పేగుల కండరంలా తనంతట తాను పనిచేస్తుంది. మూత్రం నిండుతున్నంతసేపూ, నడుముకు కాస్త పైనుంచి వచ్చే నరాలు నారడ్రినలిన్ అనే రసాయనంతో గోడను వదులుగా ఉంచుతాయి. పోసేటప్పుడు వెన్నుపాము కింది కొస నుంచి వచ్చే నరాలు ఎసిటైల్‌కొలీన్ వదులుతాయి, గోడ ముడుచుకుంటుంది. మన ఇష్టం నేరుగా చెల్లేది కింద, ద్వారాన్ని బిగించే కండరం మీదే.

కొందరిలో సంచి నిండకముందే గోడ ముడుచుకుంటుంది. లేచి రెండడుగులు వేసేలోపు చీర తడుస్తుంది. 'వయసు మీద పడింది, సర్దుకోవాలి' అంటారు ఇంట్లో. ఆస్పత్రికి వెళ్తే ఆక్సీబ్యుటినిన్ లాంటి మాత్ర రాస్తారు. అది ఎసిటైల్‌కొలీన్ వచ్చి తగిలే చోట్లను మూసేస్తుంది. అయితే ఆ చోట్లు మూత్రాశయంలోనే లేవు. నోట్లో, పేగుల్లో, కంట్లో, మెదడులో కూడా ఉన్నాయి. అందుకే నోరెండిపోతుంది, విరేచనం కాదు, చూపు మసకబారుతుంది. పెద్దవయసు వాళ్లకు అయోమయం, మతిమరుపు రావచ్చు. జలుబుకు వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్, నొప్పులకూ నిద్రకూ రాసే అమిట్రిప్టిలిన్ కూడా కొంత ఇదే పని చేస్తాయి. ఈ మూడూ కలిపి మింగుతున్న అత్తగారికి చాదస్తమని మనమే పేరు పెడతాం!

2012లో అమెరికా అనుమతించిన మిరాబెగ్రాన్ దారి వేరు. గోడను వదులు చేసే నరాల పనిని అది అనుకరిస్తుంది. నోరు అంతగా ఎండదు గానీ రక్తపోటు పెరగవచ్చు, చూపించుకుంటూ ఉండాలి. నిజానికి ఏ మాత్రకైనా ముందు మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయాలి. కటి కండరాల వ్యాయామం, వేళ పెట్టుకుని వెళ్లి ఆ వ్యవధిని మెల్లగా పెంచుకునే అభ్యాసం నేర్పాలి. వీటికి డాక్టరు పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి. చీటీ రాయడానికి అర నిమిషం చాలు.

ఇక వెళ్లడానికి చోటే లేని వాళ్ల సంగతి. కేరళలో కోళిక్కోడు మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు మరుగుదొడ్డి లేక మంచినీళ్లు తాగడమే తగ్గించేశారు. 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టుకుని మరుగుదొడ్డి అడిగారు, ఆ తర్వాత కూర్చునే హక్కు అడిగారు. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే వీలు కల్పించాల్సి వచ్చింది.

మన ఆరోగ్య శిబిరాల ప్రశ్నాపత్రంలో నెలసరి ఉంది, కాన్పులు ఉన్నాయి. రెండు ప్రశ్నలు చేర్చమని అడుగుతున్నాను: పనిచోట ఎన్ని గంటలు ఆపుకుంటున్నారు? రోజూ ఏయే మాత్రలు మింగుతున్నారు? మాత్రల అట్టలు తెచ్చి చూపించమనండి.