రౌద్రం నడిచిన దారి

(అమలాపురంలో చేసిన స్మారకోపన్యాసం)



మన డోలు మాస్టారి పేరిట ఏటా సంగీతం మీద ఒక ఉపన్యాసం పెట్టుకుంటున్నాం. త్యాగరాజు గురించి చెప్పుకున్నాం, సన్నాయి విద్వాంసుల గురించి చెప్పుకున్నాం, నాటక పద్యం గురించి చెప్పుకున్నాం. ఈసారి ఎక్స్‌ట్రీమ్ మెటల్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు, చివరికి పెద్దమనసుతో ఒప్పుకున్నారు. మాస్టారు డోలు మీద బతికిన మనిషి. ఏ దేశపు చర్మవాద్యమైనా చెవి ఒగ్గి వినేవారు. అందుకే ఈ విషయం ఆయన సభకు తగినదేనని నమ్మి వచ్చాను. నేను చెప్పదలచుకున్నది హైదరాబాదులో పుట్టిన గాడ్‌లెస్ అనే, ఆ కోవకే చెందిన డెత్ మెటల్ బ్యాండు చరిత్ర. ఆ బ్యాండు పుట్టింది 2015 ప్రాంతంలోనే గానీ, దాని దాకా వచ్చిన దారి చాలా పొడవైనది. ముందు ఆ దారి చెప్పాలి.

మెటల్ సంగీతానికి పుట్టిల్లు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. ఫ్యాక్టరీల ఊరు. టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు అక్కడ ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ కొలువులో అతనికి అదే ఆఖరి రోజు. ఆ రోజే యంత్రంలో చెయ్యి పడి, కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అయోమీది ఎడమచేతి వాటం. గిటారు తీగల్ని నొక్కాల్సినవి సరిగ్గా ఆ కుడిచేతి వేళ్లే. ఇక వాయించడం కుదరదన్నారు. అతను ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేళ్లకు తొడుగుల్లా మలిచి, వాటి మీద తోలు ముక్కలు అంటించుకున్నాడు. తొడుగున్న వేలికి తీగ స్పర్శ తెలియదు. బిగువుగా ఉన్న తీగను నొక్కితే నొప్పి. అందుకని సన్న తీగలు వేశాడు. తర్వాత్తర్వాత శ్రుతినే కిందికి దించేశాడు. అతని బ్యాండు బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బం 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. 1971లో వచ్చిన మూడో ఆల్బంలో కొన్ని పాటలకు గిటారు శ్రుతి మామూలు కంటే మూడు అర్ధస్వరాలు కిందికి దిగింది. మెటల్ సంగీతంలో మనం వినే ఆ మంద్రపు ఉరుముకు ఒక కార్మికుడి తెగిన వేళ్లు కూడా కారణమని నేను ఈ సభలో గట్టిగా చెప్పాలనుకుంటున్నాను.

అక్కణ్నుంచి పదిహేనేళ్లలో ఆ ఉరుము వేగం పుంజుకుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో చక్ షుల్డినర్ అనే కుర్రాడు స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన బ్యాండు 1984లో డెత్ అని పేరు మార్చుకుంది. వాళ్ల మొదటి ఆల్బం రావడానికి 1987 దాకా పట్టింది. మరి అంతవరకూ వాళ్ల పాటలు ఎవరు విన్నారు? క్యాసెట్లు ఇచ్చిపుచ్చుకున్న కుర్రాళ్లు. సొంతంగా రికార్డు చేసుకున్న పాటల్ని ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి, ఉత్తరం జతచేసి, ఇంకో దేశంలో ఉన్న ముక్కూ మొహం తెలియని కుర్రాడికి పోస్టు చేసేవారు. అతను దాన్ని మళ్లీ కాపీ తీసి నలుగురికి పంపేవాడు. కాపీకి కాపీ తీసిన కొద్దీ బుస పెరిగేది, డ్రమ్ములు మసకబారేవి. అయినా వినేవారు. రేడియో లేదు, పెద్ద కంపెనీ లేదు, పత్రికల్లో ఫొటో లేదు. అండర్‌గ్రౌండ్ అంటే ఈ తపాలా బంధమే. షుల్డినర్ 2001 డిసెంబరు 13న మెదడులో కణితితో చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్ఫై నాలుగేళ్లు. అతను వేసిన ఏడు ఆల్బంలలో మొదటిదానికీ చివరిదానికీ మధ్య సంగీతంలో ఎంత దూరం ఉందో వింటే, ఇదంతా ఒట్టి అరుపులు అనేవాళ్లు మాట వెనక్కి తీసుకుంటారు.

ఆ అరుపు గురించి కాస్త నిలబడి మాట్లాడుకుందాం, ఎందుకంటే అందరికీ అక్కడే పేచీ. మామూలుగా పాడేటప్పుడు మన గొంతులో స్వరతంత్రులు కంపిస్తాయి. వాటికి కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. మాటల్లో, పాటల్లో వాటికి పెద్దగా పని ఉండదు. డెత్ మెటల్ గాయకుడు ఊపిరిని పొట్టలోంచి అదుపుగా పంపిస్తూ ఆ పై మడతల్ని కూడా కంపింపజేస్తాడు. ఆ కంపనం క్రమంగా ఉండదు కనుక గాంధారమా, పంచమమా అని చెప్పలేని గరగర పుడుతుంది. సాధన లేకుండా చేస్తే గొంతు పోతుంది. డ్రమ్ములూ అంతే. రెండు కాళ్లూ రెండు పెడళ్ల మీద, చేతులు స్నేర్ డ్రమ్ము మీదా తాళాల మీదా, నిమిషానికి రెండు వందలు దాటిన లయలో, నాలుగు నిమిషాల పాటు ఏ దెబ్బా బరువు తగ్గకుండా పడాలి. డోలు కర్ర పట్టినవారికి దీని కష్టం నేను వివరించనక్కర్లేదు. కోపంతో ఊగిపోయే మనిషి ఆ పని చేయలేడు. కోపాన్ని ప్రదర్శించడానికి లోపల ఎంతో నెమ్మది కావాలి.

భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెప్పాడు. అందులో శృంగారం, హాస్యం, కరుణ, వీరంతో పాటు రౌద్రం, భయానకం, బీభత్సం కూడా ఉన్నాయి. రౌద్రానికి అధిదేవత రుద్రుడన్నాడు. అంత పెద్దపీట వేసిన ఆ మూడు రసాలూ మన కచేరీలో ఎక్కడున్నాయి? నాకు కనబడవు. కచేరీ వాటిని గుమ్మం దాటనివ్వలేదు. వీధి దాచుకుంది. మన పక్క పెళ్లిళ్లప్పుడు చేసే వీరభద్రుడి సంబరం చూడండి. వీరణాలనే డోళ్లు మోగుతుంటాయి, ఖడ్గం అనే స్తోత్ర గద్యం చదివే అతను దక్షయజ్ఞం దగ్గరికొచ్చేసరికి గొంతు మారిపోతుంది, చుట్టూ ఉన్నవాళ్లు "అశ్శరభ శరభ" అని అందుకుంటారు. ఒంటికి గుచ్చుకునే నారసం పట్టుకున్న మనిషి కళ్లలోకి చూడటానికి పిల్లలు భయపడి తల్లుల చెంగులు పట్టుకుంటారు. అయినా ఎవరూ ఇంటికి పోరు. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కలిసినప్పుడు వినిపించే హోరూ అలాంటిదే. గంగలకుర్రు ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని కాలవలో దిగినప్పుడు గట్టు మీది జనం పెట్టే కేకను ఏ రాగంలో ఇముడ్చుతారు? రౌద్రానికి ఈ సీమలో ఎప్పుడూ చోటుంది. ఎక్స్‌ట్రీమ్ మెటల్ ఆ మూడు రసాలకే తన జీవితం రాసిచ్చిన సంగీతం. నేను దాన్ని పరాయిది అనుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఇక మన దేశం. 1990ల మొదట్లో బెంగుళూరులో డయింగ్ ఎంబ్రేస్ లాంటి బ్యాండ్లు డెత్ మెటల్ వాయించడం మొదలుపెట్టాయి. 1993లో అలహాబాదు నుంచి అమిత్ సైగల్ రాక్ స్ట్రీట్ జర్నల్ అనే పత్రిక తెచ్చారు. ఏ ఊళ్లో ఏ కుర్రాళ్లు ఏం వాయిస్తున్నారో మిగతా ఊళ్లకు తెలిసింది దానివల్లే. ఆయన 2012లో గోవాలో పోయారు. ఆయన పేరు ఈ చరిత్రలో మరువరానిది. 1998లో బెంగుళూరులో క్రిప్టోస్, 2000లో ముంబయిలో డెమోనిక్ రిజరెక్షన్ మొదలయ్యాయి. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు దేశం నలుమూలల నుంచీ రైళ్లెక్కి వచ్చిన కుర్రాళ్లు, తమలాంటివాళ్లు ఇంతమంది ఉన్నారా అని ఒకరినొకరు చూసుకున్నారు. డెమోనిక్ రిజరెక్షన్ 2017లో దశావతారాల మీద ఒక పూర్తి ఆల్బం చేసింది.

దేవుడి మాట వచ్చింది కనుక సింగపూర్ వెళ్లి రావాలి. అక్కడ 1992లో దక్షిణ భారత మూలాలున్న యువకులు రుద్ర అనే బ్యాండు పెట్టారు. ముందు నడిచినవారు కదిరాశన్, బేస్ గిటారు వాయిస్తూ పాడతారు. వేదాంతం చదువుకున్న మనిషి. తొలి ఆల్బం 1998లో, తర్వాత 2003లో కురుక్షేత్ర, 2005 నుంచి 2011 వరకు బ్రహ్మవిద్య పేరిట మూడు ఆల్బంలు. సంస్కృత మంత్రాలూ, అద్వైతమూ డెత్ మెటల్‌లోకి తెచ్చిన ఈ పద్ధతికి వేదిక్ మెటల్ అని పేరొచ్చింది. సింగపూర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో సంగీతం బోధించిన యూజీన్ దైర్యనాథన్ ఈ బ్యాండు మీద పరిశోధన వ్యాసం రాశారు. ఘనపాఠీలున్న ఈ సీమలో ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది: ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం ఏవండీ అని. న్యాయమైన ప్రశ్నే. స్థాయి తెలియని గరగర గొంతులో స్వరం నిలవదు. కాబట్టి దాన్ని వేదపఠనం అని నేను అనను. వేదాంతం విని కలవరపడిన మనసు పెట్టిన కేక అంటాను. నచికేతుడు యముడి గుమ్మం ముందు మూడు రాత్రులు కూర్చున్న కథకు ఆ శబ్దం నప్పుతుంది.

ఇప్పుడు హైదరాబాదు. 2015 ప్రాంతంలో అక్కడ గాడ్‌లెస్ రూపుకట్టింది. రవి నిడమర్తి, మోజెస్ కౌల్ గిటార్లు, అబ్బాస్ రజ్వీ బేస్, అనికేత్ యాదవ్ డ్రమ్ములు, కౌశల్ గొంతు. నిడమర్తి అన్న ఇంటిపేరు మన గోదావరి జిల్లాల వాళ్లకు కొత్త కాదు. ఈ ఐదు పేర్లూ ఒక వరసలో చదివితే హైదరాబాదు మొత్తం కనబడుతుంది నాకు. బ్యాండు పేరు విని తలుపులు మూసుకోవద్దని పెద్దల్ని కోరుతున్నాను. దేవుణ్ని నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఒకే డ్రమ్ము దెబ్బకు తలలూపే చోటు అది.

2016లో సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్ అనే చిన్న రికార్డు తెచ్చారు. 2018లో స్వార్మ్ వచ్చింది. దాన్ని విడుదల చేసినది ముంబయిలో కునాల్ చోక్సీ నడిపే ట్రాన్‌సెండింగ్ అబ్‌స్క్యూరిటీ అనే సంస్థ. ప్రపంచం నలుమూలల బ్యాండ్లను వినిపించే సంస్థ అది. ఒకప్పుడు ఫ్లోరిడా క్యాసెట్టు కోసం ఎదురుచూసిన దేశం నుంచి ఇప్పుడు రికార్డులు అటువైపు వెళ్తున్నాయి. 2021లో వాళ్ల తొలి పూర్తి ఆల్బం స్టేట్స్ ఆఫ్ కేయాస్ వచ్చింది. రెండిటికీ మధ్య కరోనా వచ్చి దేశమంతా వేదికలు మూతబడ్డాయి. ఐదుగురు మనుషులు సినిమా లేని, రేడియో లేని, పెళ్లిళ్ల సీజను లేని ఈ సంగీతాన్ని వదలకుండా పట్టుకుని పూర్తి ఆల్బం దాకా తేవడం సామాన్యమైన విషయం కాదు.

నాకు స్వార్మ్ ఎక్కువ ఇష్టం. అందులో గిటార్లు 1980ల చివరి డెత్ మెటల్ ఒడిలోంచి లేచినట్టుంటాయి. ఒక రిఫ్, అంటే గిటారు మీద మళ్లీ మళ్లీ వచ్చే పలుకు, చెవికి అలవాటయ్యేలోపు ఇంకోటి మెడ మీద పడుతుంది. పూర్తి ఆల్బంలో ఊపిరి పీల్చుకునే చోట్లు ఎక్కువ, అల్లిక చిక్కన. రెండు గిటార్లూ ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి వినిపించే చోట సన్నాయి జోడు గుర్తొస్తుంది నాకు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మన దేశంలో ఈ సంగీతం ఇంగ్లీషు చదువుకున్న నగరపు పిల్లల చేతుల్లో పెరిగింది. గిటారు, ఆంప్లిఫయర్, గంటకింత అని అద్దె కట్టే సాధన గది, ఇవన్నీ డబ్బుతో పని. వీరణం వాయించే ఇంట్లో కుర్రాడికి ఆ గది తలుపు ఎవరు తీశారు? రౌద్రాన్ని తరతరాలుగా మోసిన చేతులకు ఇంకా మర్యాద దక్కలేదు. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చునేది వాళ్లే. మెటల్ బ్యాండ్ల చరిత్ర రాసే పిల్లలు వాళ్ల చరిత్ర కూడా రాయాలి. ఇక్కడున్న సంబరం మేళాల వాళ్ల వాయింపు రికార్డు చేసి పెట్టమని అడుగుతున్నాను. ఫోను చాలు. ఎవరు వాయించారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చారు, ఆ మూడూ రాసిపెట్టండి.

గాడ్‌లెస్ పాటలు ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగులో ఈ గొంతు పలుకుతుందా అని ఒక కుర్రాడు సభకు ముందు అడిగాడు. పలుకుతుంది. ఖడ్గం చదివే వారి దగ్గర నాలుగు రోజులు కూర్చో, ఎక్కడ ఊపిరి పట్టి ఎక్కడ వదులుతున్నారో చూడు, ఆ తర్వాత మైకు పట్టుకో. వినడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగినవాళ్లకు నా వరస ఇది: ముందు బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బం, తర్వాత డెత్ వాళ్లది 1991 నాటి హ్యూమన్, ఆ తర్వాత రుద్ర బ్రహ్మవిద్యలో మొదటి భాగం, చివర స్వార్మ్. మొదటిసారి గొంతును పట్టించుకోకండి, కాళ్ల కింది డ్రమ్మునే వినండి. రెండోసారి గిటార్లు. గొంతు మూడోసారికి దానంతటదే అర్థమవుతుంది.