గొట్టం లోపలి గోడ



లోపలి పూత అంటే ఏమిటో హైదరాబాద్ దగ్గరి పటేల్‌గూడ చుట్టుపక్కల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బొల్లారం, గడ్డపోతారం, పాశమైలారం మందుల ఫ్యాక్టరీలకు లారీల మీద పోయే నీలిరంగు రియాక్టర్లు ఈ దారుల్లో కొత్త కాదు. పైకి ఉక్కు పాత్ర, లోపల గాజు పూత. యాసిడ్లు ఉక్కును తినేయకుండా అడ్డుకునేది ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల గాజే. గాజు పొడి కలిపిన ద్రావణాన్ని గోడకు చల్లుతారు. ఎనిమిది వందల డిగ్రీలు దాటిన కొలిమిలో కాలుస్తారు. చల్లారాక మళ్లీ చల్లి మళ్లీ కాలుస్తారు. చివర్న వేల వోల్టుల కరెంటు పెట్టిన తీగల బ్రష్షుతో లోపలంతా తడుముతారు. పూత నిండుగా ఉంటే బ్రష్షు అలా జారిపోతుంది. సూదిమొనంత రంధ్రం ఉన్నా చాలు, అక్కడ టప్‌మని నిప్పురవ్వ పడుతుంది.

సముద్రం అడుగున గ్యాస్ తెచ్చే గొట్టాలకు కూడా లోపల ఒక పూత వేసి, అవి మూసుకుపోకుండా చూడొచ్చా? ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

బావిలోంచి గ్యాస్ ఒక్కటే రాదు, దాంతో నీరూ వస్తుంది. ఒత్తిడి బాగా ఉండి, చల్లగా ఉన్నచోట నీటి అణువులు గ్యాస్ అణువుల చుట్టూ పంజరాలు కట్టి గడ్డకడతాయి. దాన్నే హైడ్రేట్ అంటారు. చూడ్డానికి మంచుగడ్డే, కానీ అగ్గిపుల్ల గీసి దగ్గర పెడితే మండుతుంది. ఒక ఘనమీటరు గడ్డలో దాదాపు 160 ఘనమీటర్ల గ్యాస్ దాగి ఉంటుంది. ఇది పుట్టడానికి సున్నా డిగ్రీల చలి అక్కర్లేదు. మీథేన్ అయితే నాలుగు డిగ్రీల దగ్గర నలభై అట్మాస్ఫియర్ల ఒత్తిడి చాలు. ఒత్తిడి వంద దాటితే పది డిగ్రీల పైన కూడా గడ్డకడుతుంది. చలికాలంలో గ్యాస్ లైన్లు మూసుకుపోతుంటే చాలాకాలం మంచు మీదే నెపం వేశారు. అది మంచు కాదు, హైడ్రేట్ అని 1934లో అమెరికా రసాయనవేత్త హామర్‌ష్మిట్ తేల్చాడు.

మన కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కృష్ణా గోదావరి బేసిన్‌లో ఇది రోజువారీ వ్యవహారం. అక్కడి కేజీ-డీ6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. 2020 డిసెంబరులో మొదలైన ఆర్ క్లస్టర్ బావులైతే రెండు వేల మీటర్లకు మించిన లోతున ఉన్నాయి. ఆ లోతున నీళ్లు మూడు డిగ్రీల చుట్టూ ఉంటాయి, ఒత్తిడి సంగతి చెప్పనే అక్కర్లేదు. హైడ్రేట్‌కు అంతకంటే అనువైన చోటు దొరకదు. అదే సముద్రగర్భంలో, మట్టి పొరల్లో, మనిషి ప్రమేయం లేకుండా పుట్టిన హైడ్రేట్ కూడా ఉంది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధక నౌక అక్కడ తవ్వి, వందమీటర్లకు పైగా మందాన పరుచుకున్న హైడ్రేట్ పొరను కనిపెట్టింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్లు ఈ నిక్షేపాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పొరల్లో ఉన్నంతవరకు అది సంపద. గొట్టంలోకి వచ్చిందా, ఆపదే.

ఆపద ఎంతటిదో 2010 మే నెలలో మెక్సికో సింధుశాఖలో ప్రపంచమంతా చూసింది. ఒకటిన్నర కిలోమీటర్ల లోతున బావి గొట్టం విరిగి చమురు కారుతున్న చోట వంద టన్నులు దాటిన ఉక్కు గోపురాన్ని బోర్లించి, చమురును పైకి లాగాలనుకున్నారు. గోపురం లోపల హైడ్రేట్ పేరుకుని దారి మూసేసింది. ప్రయత్నం వదులుకోవాల్సి వచ్చింది. గొట్టంలో గడ్డ పడితే దాన్ని తీయడం ఇంకా ప్రమాదం. ఒకవైపు ఒత్తిడే తగ్గించారనుకోండి, రెండోవైపు ఒత్తిడికి గడ్డ ఊడి గుండులా దూసుకొస్తుంది. అందుకే రెండు వైపులా నెమ్మదిగా ఒత్తిడి దించుతూ కరిగిస్తారు. దానికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది.

ఇప్పుడు వాడుతున్న మందు గ్లైకాల్. బావి ముఖం దగ్గరే దాన్ని గ్యాస్‌లోకి పంపుతారు. అది నీటితో కలిసి గడ్డకట్టనివ్వదు. గట్టుకు చేరాక, గాడిమొగ టెర్మినల్‌లో నీటిని మరిగించి వేరుచేసి, గ్లైకాల్‌ను మళ్లీ సముద్రంలోకి పంపిస్తారు. నమ్మకమైన పద్ధతే. కాకపోతే బావి బతికున్నన్నాళ్లూ ఆ ద్రవాన్ని తిప్పుతూనే ఉండాలి. దానికో ప్రత్యేక పైపు, పంపులు, మరిగించే ప్లాంటు, కరెంటు అన్నీ కావాలి.

పూత ఆలోచన పుట్టింది ఇక్కడే. గడ్డ పుట్టకుండా ఆపడం పూత చేతిలో లేదు. పుట్టిన గడ్డ గోడకు అంటుకోకుండా చూడటమే దాని పని. అంటుకోకపోతే గ్యాస్ వేగానికే కొట్టుకుపోతుంది. అంటుకుంటే మాత్రం దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి పేరుకుని గొట్టం ఇరుకవుతుంది. ఐఐటీ మద్రాసులో చదివి అమెరికాలో ఎంఐటీలో పనిచేస్తున్న కృప వారణాసి, సహచరులతో కలిసి 2012లో దీన్ని కొలిచి చూపించారు. తగిన పూత వేసిన ఉక్కు నుంచి హైడ్రేట్‌ను ఊడదీయడానికి, ఒట్టి ఉక్కు మీద కావలసిన బలంలో నాలుగో వంతు కంటే తక్కువే సరిపోయింది. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ వాళ్లు ఇంకో సంగతి గమనించారు. పొడిగా ఉన్న గడ్డ గోడకు పెద్దగా అంటదు. గోడ మీద ముందే నీటిచుక్క ఉంటే, ఆ చుక్క గడ్డకట్టి రెంటినీ కలిపి పట్టేస్తుంది. అంటే అసలు శత్రువు గోడకు అంటిన తడి.

మరి తామరాకులా నీటిని నిలవనివ్వని పూత వేస్తే సరి కదా అని ఎవరికైనా తోస్తుంది. నాకు ఈ విషయంలో బాగా నచ్చిన మలుపు ఇదే. తామరాకు నునుపుగా ఉండదు, దాని మీద కంటికి కనపడని బొడిపెలుంటాయి. చుక్క ఆ బొడిపెల కొసల మీద నిలిచి జారిపోతుంది. చల్లటి గొట్టంలో అలా కుదరదు. ఆవిరి నేరుగా ఆ బొడిపెల సందుల్లోనే నీరవుతుంది. అక్కడే గడ్డకడితే వేళ్లూనుకున్నట్టే, ఊడదీయడం ఇంకా కష్టం. అందుకే తర్వాతి ప్రయోగాల్లో గరుకును పక్కనపెట్టి, నీటితో కలవని నూనె పొర గోడ మీద పరుచుకుని నిలిచే పూతల వైపు వెళ్లారు.

నేల మీది గ్యాస్ లైన్లకు వేసే లోపలి పూత కూడా హైడ్రేట్ కోసమే అన్న అపోహ ఒకటి తీర్చాలి. కాకినాడ దగ్గర మొదలై తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లే పెద్ద పైపులైను లాంటి వాటిలో పారేది నీరు తీసేసిన పొడి గ్యాస్. నేల మీది అలాంటి లైన్లలో ఎపాక్సీ లోపలి పూత వేసేది గరుకు తగ్గి గ్యాస్ సాఫీగా పారడానికి, కంప్రెసర్ మీద భారం తగ్గడానికి. హైడ్రేట్‌తో దానికి సంబంధం లేదు.

ఇక సముద్రపు గొట్టాలకు పూత వేయడంలో కష్టమంతా వెల్డింగ్ దగ్గర. వర్క్‌షాపులో గ్రిట్ బ్లాస్టింగ్‌తో ఉక్కును శుభ్రం చేసి, వేడిచేసి, పూత కొట్టడం తెలిసిన పనే. కానీ గొట్టాలను అతికేటప్పుడు ఆ వేడికి పూత మాడుతుంది కాబట్టి చివర్లు ఖాళీగా వదలాలి. వెల్డింగ్ అయ్యాక ఆ పట్టీ ఒట్టి ఉక్కుగా మిగులుతుంది. దానికి లోపలినుంచి పూత వేయాలంటే గొట్టంలోకి రోబో దిగాల్సిందే. వేసినా, గ్యాస్‌తో కొట్టుకొచ్చే ఇసుక పూతను రాచేస్తుంది. లైను శుభ్రం చేయడానికి లోపల నడిపే పిగ్గులు గీకేస్తాయి. పాతికేళ్లు నిలవాల్సిన పూత అది. ల్యాబ్‌లో ఒక్కసారి ఊడదీసి చూసిన బలాన్ని బట్టి దాని ఆయుష్షు చెప్పలేం.

అందుకని నా లెక్క ప్రకారం ఇలాంటి పూత ముందు రావాల్సింది అరవై, డెబ్బై కిలోమీటర్ల లైన్లకు కాదు. బావి ముఖం దగ్గరి చోక్ వాల్వులు, మలుపులు, బావిని లైనుకు కలిపే పొట్టి గొట్టాలు ఉన్నాయి చూడండి, హైడ్రేట్ ఎక్కువగా పట్టేది వాటికే. అవి చిన్నవి, ఫ్లాంజీలతో బిగిస్తే మధ్యలో వెల్డింగ్ ఉండదు. షాపులోనే మొత్తం పూత వేసి, రవ్వ పరీక్ష చేసి, అరిగితే విప్పి మార్చేయవచ్చు. గ్లైకాల్ అప్పటికీ పంపాల్సిందే. ఎంత తగ్గించవచ్చన్నది మాత్రం అలాంటి ఒక్క వాల్వును బావి మీద కొన్నేళ్లు నడిపి చూస్తేనే తెలుస్తుంది.